ప్రెజర్ లేని విమానం ఎక్కొచ్చా? ఎంత ఎత్తు దాకా భయం లేదు, ఎక్కడి నుంచి ప్రాణం మీదికొస్తది

మా చిన్నాయన కొడుకు అరుణాచల్ ప్రదేశ్‌లో ఒక డ్యామ్ సైట్‌లో సూపర్‌వైజర్. పాలమూరోళ్లకు డ్యాములు కాల్వలు కొత్తేం కాదు గదా, దేశంలో ఏ మూల ప్రాజెక్టు కట్టినా మట్టి మోసినోళ్లలో మన జిల్లా వాళ్లు ఉంటరు. దసరాకు ఇంటికొచ్చి తిరిగి పోయేటప్పుడు శంషాబాద్ నుంచి పెద్ద విమానాలు మారుకుంట డిబ్రూగఢ్ దాకా పోయి, అక్కడి నుంచి 17 సీట్ల చిన్న విమానం ఎక్కిండు. దిగినంక ఫోన్ చేసిండు, హలో కూడా అనలేదు. "అన్నా, ఈ విమానంల మాస్కులు లెవ్వే. నెత్తి మీద డబ్బా లేదు, అది పడితే ఎట్ల పెట్టుకోవాల్నో ఎవ్వరు చూపెట్టనే లేదు. పక్క సీటాయన అన్నడు దీంట్ల ప్రెజరే ఉండదంట. ప్రెజర్ లేకుంటే మనిషి బతుకుతడా?"

నేను శంషాబాద్‌లో విమానాల మెయింటెనెన్స్ పని చేస్త కాబట్టి ఇంట్లో విమానం గురించి ఏ అనుమానం వచ్చినా నాకే ఫోన్ వస్తది. వాడికి ఫోన్లో పది నిమిషాలు చెప్పిన, వాడు సరే అన్నడు కానీ నాకే సరిపోలే, ఎందుకంటే ఈ ప్రెజర్ అనే విషయంలో జనం భయపడాల్సిన దగ్గర భయపడరు, అక్కర్లేని దగ్గర భయపడతరు. అందుకే కూర్చొని మొత్తం రాస్తున్న.

ముందు ఒకటి సరిచేసుకోవాలె. పైకి పోతే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతది అని మస్తుమంది అనుకుంటరు, అది తప్పు. మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గరైనా, ఎవరెస్టు మీదైనా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. తగ్గేది ఒత్తిడి. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 1013 హెక్టోపాస్కల్స్, 18,000 అడుగులకు పోయేసరికి అది సగం, 35,000 అడుగుల దగ్గర నాలుగో వంతు కూడా ఉండదు, ఆ ఎత్తులో చలి మైనస్ 54 డిగ్రీల దగ్గర ఉంటది. మరి శాతం అంతే ఉన్నప్పుడు ఒత్తిడి తగ్గితే ఏమైతది అంటే, ఇంటి మీది నీళ్ల ట్యాంకు యాది చేసుకోండి. ట్యాంకు నిండా నీళ్లు ఉన్నా దాన్ని తీసుకొచ్చి నల్లా పక్కనే నేల మీద పెడితే ధార రాదు, బొట్టు బొట్టు కారుతది. ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి ఆక్సిజన్ పోవడం కూడా అట్లనే, దాన్ని లోపలికి నూకేది ఆ ఒత్తిడే. ఒత్తిడి పడిపోతే ఎంత గట్టిగా ఊపిరి పీల్చినా రక్తంలోకి పోయేది తక్కువే.

ఒత్తిడి తగ్గినప్పుడు ఇంకొకటి జరుగుతది, మూసి ఉన్న గాలి ఉబ్బుతది. అమెరికా పోయే పిల్లలకు అమ్మలు కట్టిచ్చే మామిడికాయ తొక్కు డబ్బా మూత లేచి నూనె బట్టలకు అంటేది అందుకే, డబ్బాలో పైన మిగిలిన కొంచెం గాలి ఉబ్బి మూతను, నూనెను బయటికి నెడతది. డబ్బాలో జరిగేదే చెవిలో, ముక్కు పక్కన ఉండే సైనస్ గదుల్లో, కడుపులో కూడా జరుగుతది. ఈ రెండు సంగతులు, ఆక్సిజన్ ఎక్కకపోవడం ఒకటి, గాలి ఉబ్బడం కుంగడం ఒకటి, వేర్వేరు అని గుర్తు పెట్టుకోండి, ముందు ముందు అవసరం పడతది.

మరి అంత ఎత్తుకు పోవుడెందుకు, కిందనే పోవచ్చు గదా అంటే, జెట్ ఇంజన్లకు ఆ పలచని గాలిలోనే తక్కువ ఖర్చుతో ఎక్కువ దూరం వస్తది, మబ్బులు ఉరుములు చాలా వరకు కిందనే ఉండిపోతయి. అందుకని మనిషికి సరిపోయే గాలిని విమానం లోపల తయారు చేసుకుంటరు. ఇంజన్‌లో గాలిని నొక్కే భాగం నుంచి కొంత వేడి గాలి తీస్తరు, దాన్ని బ్లీడ్ ఎయిర్ అంటం, అది ప్యాక్ అనే మిషన్‌లో చల్లబడి క్యాబిన్‌లోకి వస్తది. వెనక భాగంలో అవుట్‌ఫ్లో వాల్వ్ అని ఒక తలుపు లాంటిది ఉంటది, లోపలికి గాలి ఆగకుండా వస్తనే ఉంటది, ఆ వాల్వ్ ఎంత తెరుచుకుంటే అంత బయటికి పోతది, ఎంత ఆపితే అంత ప్రెజర్ నిలుస్తది. మొత్తం కథ ఆ వాల్వ్ దగ్గరే. బోయింగ్ 787లో మాత్రం ఇంజన్ నుంచి గాలి తియ్యరు, కరెంటు కంప్రెసర్లతో బయటి గాలినే నొక్కి పంపుతరు.

అయినా లోపల నేల మీది ఒత్తిడి ఉంచరు. మామూలుగా క్యాబిన్‌లో 8,000 అడుగుల ఎత్తులో ఉండే గాలికంటే పలచబడనీయొద్దని రూల్. అంటే 35,000 అడుగుల మీద పోతున్నా మీ ఒంటికి మీరు ఊటీ కంటే కొంచెం పైన ఉన్నట్టు. 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటి కొత్త వాటిలో ఇది 6,000 అడుగుల దాకా దిగింది, పెద్దోళ్లు ఆ విమానాల్లో దిగినంక అలసట తక్కువ అనేది ఊరికే అనే మాట కాదు. పూర్తిగా నేల ఒత్తిడి ఎందుకు ఉంచరు అంటే విమానం రేకు అంత మోయలేదు. ఇప్పుడున్న లెక్కలోనే లోపలికీ బయటికీ తేడా చదరపు అంగుళానికి 8 పౌండ్ల దాకా ఉంటది. బైకు టైర్లో ఉండే గాలిలో మూడో వంతు కూడా లేదు గదా అనిపిస్తది, కానీ అది విమానం లోపలి గోడలో ప్రతి అంగుళం మీదా నూకుతది, ఎక్కినప్పుడల్లా ఉబ్బి దిగినప్పుడల్లా కుంగి, ఇట్ల వేల సార్లు. 1954లో రెండు కామెట్ జెట్ విమానాలు, జనవరి 10న ఒకటి, ఏప్రిల్ 8న ఒకటి, ఇటలీ దగ్గర సముద్రం మీద గాల్లోనే చీలిపోయినయి. ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరో దగ్గర ఒక కామెట్‌ను పెద్ద నీళ్ల తొట్టిలో పెట్టి మళ్లీ మళ్లీ ప్రెజర్ ఎక్కించి దించి చూస్తే లోహం అలసి పగిలిందని తేలింది. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 737 విమానానికి 24,000 అడుగుల మీద ముందటి భాగం పైకప్పు లేచిపోయింది, ఒక ఎయిర్ హోస్టెస్ చనిపోయింది, మిగతా 94 మంది బతికి దిగిన్రు. అందుకే ప్రెజర్ అనేది పుణ్యానికొచ్చే సౌకర్యం కాదు, దానికి కూడా ఖర్చు ఉంది, ప్రమాదం ఉంది, మా లాంటోళ్లు పగుళ్ల కోసం వెతికే పని ఉంది.

ఇప్పుడు మా తమ్ముని ప్రశ్న. ప్రెజర్ లేని విమానంలో మనిషి బతుకుతడా? బతుకుతడు, ఎత్తు తక్కువ ఉంటే. వాడు ఎక్కింది డార్నియర్ 228, మన దేశంలో కాన్పూర్‌లో సర్కారు విమానాల కంపెనీ హెచ్ఏఎల్ తయారు చేస్తది, 2022 ఏప్రిల్‌లో డిబ్రూగఢ్ నుంచి పాసీఘాట్‌కు మన దగ్గర తయారైన డార్నియర్‌తో ప్రయాణికుల సర్వీసు మొదలైంది. దాంట్లో ప్రెజర్ సిస్టమే లేదు. సాగర్ దిక్కు ట్రైనింగ్ కోసం ఎగిరిన చిన్న సెస్నాల్లో లేదు, హెలికాప్టర్లలో లేదు. ఇంకా వెనక్కి పోతే మన నిజాం జమానాలో 1945లో పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపిన డకోటాలు, డీసీ-3 విమానాలు, వాటిలో కూడా ప్రెజర్ లేదు. 1953లో ఆ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసేదాకా మన దగ్గరోళ్లు మద్రాసుకూ బెంగుళూరుకూ అట్లనే పోయిన్రు. మన దగ్గర అది నడుస్తది కూడా, ఎందుకంటే మన భూమి అనుకూలం. మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి 500 మీటర్ల దగ్గర, శంషాబాద్ రన్‌వే 2,024 అడుగులు, నల్లమల కొండలన్నీ 8,000 అడుగులకు చాలా కింద, కాబట్టి 8,000 అడుగుల మీద పోతే ఏ గుట్టకూ తగలదు, ఏ మనిషికీ ఊపిరి ఆడకుండా కాదు.

ఒక చిన్న సవరణ ఇక్కడ, ఫ్యాన్ రెక్కలున్న విమానం అంటే ప్రెజర్ ఉండదని కొందరు అనుకుంటరు. శంషాబాద్ నుంచి రాజమండ్రికో తిరుపతికో పోయే ఏటీఆర్ 72లో ప్రెజర్ ఉంటది, అది 25,000 అడుగుల దాకా పోగలదు. రెక్కల ఇంజన్ చూసి భయపడకండి.

ప్రెజర్ లేని విమానాలకు గీత ఎక్కడ గీసిన్రు అంటే 10,000 అడుగుల దగ్గర. అంతర్జాతీయ నియమం ఏం చెప్తది అంటే 10,000 నుంచి 13,000 అడుగుల మధ్య అరగంట కంటే ఎక్కువ ఉంటే సిబ్బంది మొత్తానికీ, ప్రయాణికుల్లో పదో వంతు మందికీ ఆక్సిజన్ పెట్టుకోవాలె, 13,000 దాటితే ఎక్కిన ప్రతి ఒక్కరికీ ఉండాలె. ఆ గీత కింద ఉన్నన్ని రోజులు నెత్తి మీద మాస్కు డబ్బా ఎందుకు? మా తమ్ముని విమానంలో మాస్కు లేకపోవడం లోపం కాదు, దానికి ఆ ఎత్తులో పని లేదు.

కానీ 10,000 అనేది ఆరోగ్యంగా ఉన్న మనిషికి గీసిన గీత. రక్తహీనత ఉన్నోళ్లకు, ఊపిరితిత్తుల జబ్బు, గుండె జబ్బు, సికిల్ సెల్ అనే రక్తం జబ్బు ఉన్నోళ్లకు అది ఇంకా కిందనే మొదలైతది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణ ఆడోళ్లలో సగం కంటే ఎక్కువ మందికి రక్తం తక్కువ. ఆక్సిజన్ మోసే బండ్లే తక్కువున్నప్పుడు లోడు కూడా తగ్గితే ఆయాసం రాకుండా ఎట్ల ఉంటది? ఇది నాకు బాగా తట్టేది కేదార్‌నాథ్ హెలికాప్టర్ విషయంలో. నల్గొండ నుంచి, మిర్యాలగూడ నుంచి, మా దిక్కు నుంచి ఏటా ఎంతమంది పెద్దోళ్లు చార్‌ధామ్ పోతరు, నడవలేం అని హెలికాప్టర్ బుక్ చేసుకుంటరు, అది ఫాటా దగ్గర ఎక్కించుకొని పది నిమిషాలకల్లా 11,700 అడుగుల పైన దించుతది. దాంట్లో ప్రెజర్ ఉండదు, ఒంటికి అలవాటు పడే టైమే దొరకదు. నడిచి పోయినోళ్లకు కాళ్లు నొస్తయి కానీ ఊపిరికి ఒక రోజు దొరుకుతది. అరవై దాటినోళ్లు, బీపీ గుండె మందులు వాడేటోళ్లు పోయేముందు డాక్టర్‌ను అడగండి, ఆక్సిజన్ లెవెల్ చూపెట్టే క్లిప్పు వేలికి పెట్టుకునేది కరోనాలో అందరిండ్లల్లకు వచ్చింది గదా, అది బ్యాగులో పెట్టుకొని పోండి. ఇట్లాంటి దగ్గర భయపడితే మంచిది.

ఇంక పెద్ద జెట్ విమానం, ప్రెజర్ సిస్టమ్ ఉండాల్సింది, అది పాడైతే ప్రెజర్ లేకుండ నడపొచ్చా? ఇది వింటే చాలామంది నమ్మరు కానీ కొన్ని షరతుల మీద నడపొచ్చు. ప్యాకులు రెండూ పనిచేయకపోయినా 10,000 అడుగుల లోపల పోతే, దారిలో గుట్టలు లేకపోతే, లోపలికి గాలి ఆడే ఏర్పాటు ఉంటే కుదురుతది. రిపేరు చేసే చోటికి విమానాన్ని ఖాళీగా తీసుకుపోవడానికి ఇది ఎక్కువ పనికొస్తది. ప్రెజర్ లేకుండా పోయిన జెట్ కథ వెతికితే 1971 నవంబర్ 24న అమెరికాలో డాన్ కూపర్ అనే పేరుతో టికెట్ కొన్న ఒక మనిషి, తర్వాత పేపర్లలో డి.బి. కూపర్ అయినోడు, బోయింగ్ 727ను హైజాక్ చేసిండు, సియాటెల్‌లో ప్రయాణికులను వదిలేసి 2 లక్షల డాలర్లు తీసుకొని, మళ్లీ లేపమన్నప్పుడు వాడు పెట్టిన షరతు ఇదే, 10,000 అడుగుల పైకి పోవద్దు, క్యాబిన్‌లో ప్రెజర్ పెట్టొద్దు. ఎందుకంటే ప్రెజర్ ఉంటే వెనక మెట్లు దించి దూకలేడు. దూకిండు, ఇప్పటిదాకా దొరకలే.

ఆ హైజాకర్‌కు తెలిసిన సంగతి ప్రయాణికులకు కూడా తెలియాలె. ఎత్తులో తలుపును మూసి పట్టేది గొళ్లెం ఒక్కటే కాదు, లోపలి ప్రెజర్ కూడా. తలుపు సుమారు 2,500 చదరపు అంగుళాలు అనుకుంటే, అంగుళానికి 8 పౌండ్ల చొప్పున 20,000 పౌండ్లు, అంటే 9 టన్నులు దాని మీద ఉంటది, ఏ పహిల్వాన్ లాగినా కదలదు. ప్రెజర్ లేని పోకలో ఆ 9 టన్నులు మాయం. 2023 మే 26న దక్షిణ కొరియాలో డేగు దగ్గర ఏషియానా ఎయిర్‌లైన్స్ ఏ321 దిగుతుంటే 700 అడుగుల ఎత్తులో ఒక ప్రయాణికుడు ఎమర్జెన్సీ తలుపు తీసిండు, తెరుచుకుంది, ఎందుకంటే నేలకు అంత దగ్గరలో లోపలికీ బయటికీ తేడా చాలా తక్కువ. ఎవరూ చనిపోలే, కానీ కొందరిని ఊపిరాడక ఆస్పత్రికి తీసుకుపోయిన్రు. కిందనే పోతున్నం గదా అని బెల్టు తీసేటోళ్లు ఈ సంగతి మతిల పెట్టుకోవాలె.

ఇంక కింద పోతే కష్టాలు లెక్కకు మించి. జెట్ ఇంజన్ 10,000 అడుగుల దగ్గర డీజిల్ బండి ఫస్ట్ గేర్‌లో పోయినట్టు తాగుతది, ఆ ఎత్తు కింద వేగానికి కూడా హద్దు ఉంటది, మామూలుగా 250 నాట్లు, అంటే గంటకు 460 కిలోమీటర్ల దగ్గర, దాటొద్దు. వానకాలంలో మబ్బు మీదినుంచి పోవాల్సింది మబ్బులోనే పోవాల్సొస్తది, గుంతల రోడ్డు మీద ఆర్టీసీ బస్సు ఊగినట్టు ఊగుతది. రాత్రి పూట ఇంకొక సంగతి, కంటి చూపు 5,000 అడుగుల నుంచే మందగించడం మొదలైతది, అందుకే ప్రెజర్ లేని విమానం నడిపే పైలట్లకు రాత్రి పూట ఇంకా ముందే ఆక్సిజన్ వాడమని సలహా ఇస్తరు.

కానీ ప్రయాణికునికి అన్నిటికంటే ఎక్కువ తెలిసేది చెవి. ముక్కు వెనక నుంచి మధ్య చెవికి ఒక సన్నటి గొట్టం పోతది, పైకి ఎక్కేటప్పుడు చెవిలో గాలి దానంతట అదే బయటికి వస్తది, దిగేటప్పుడు మాత్రం ఆ గొట్టం తెరుచుకోక తిప్పలు పెడతది. ప్రెజర్ ఉన్న విమానం నిమిషానికి రెండు వేల అడుగులు దిగుతున్నా లోపలి గాలి మాత్రం నిమిషానికి 300, 350 అడుగుల లెక్కన మెల్లగా మారుతది, చెవికి ఇరవై నిమిషాల టైమ్ దొరుకుతది. ప్రెజర్ లేకుంటే విమానం ఎంత జల్ది దిగుతదో మీ చెవి కూడా అంతే జల్ది దిగుతది. అందులోనూ కింది పొరల్లో గాలి బరువు, అక్కడ వెయ్యి అడుగులు దిగితే వచ్చే తేడా పైన వెయ్యి అడుగుల తేడా కంటే ఎక్కువ. జలుబు ఉన్నోళ్లకు, చిన్న పిల్లలకు ఇది నరకం. మా తమ్ముడు కూడా అదే చెప్పిండు, దిగేటప్పుడు కుడి చెవిలో మేకు కొట్టినట్టయిందంట, గుటకలు మింగుకుంట కూసున్నడంట. జలుబుంటే చిన్న విమానం ప్రయాణం రెండు రోజులు వెనకేసుకోండి అని నేను ఎవరికైనా చెప్త.

2018 సెప్టెంబర్ 20న ముంబై నుంచి జైపూర్ పోయే జెట్ ఎయిర్‌వేస్ 737 యాదికుందా? 166 మంది ప్రయాణికులు, ఎక్కినంక సిబ్బంది బ్లీడ్ స్విచ్ వెయ్యడం మరిచిన్రు, అంటే ఇంజన్ గాలి క్యాబిన్‌లోకి రానే లేదు. మాస్కులు పడ్డయి, ముప్పై మంది దాకా ముక్కుల్లో చెవుల్లో రక్తం వచ్చింది, విమానం తిరిగి ముంబైలో దిగింది. టీవీలో ముక్కుకు గుడ్డ పెట్టుకున్న మనుషుల్ని చూసి ఆక్సిజన్ అందక రక్తం వచ్చిందని అందరూ అనుకున్నరు. ఇందాక వేర్వేరు అని చెప్పిన రెండు సంగతులు ఇక్కడ అక్కరకొస్తయి. ముక్కుల చెవుల రక్తం గాలి తొందరగా ఉబ్బి కుంగడం వల్ల వచ్చేది, మనకు కండ్లకు కనిపిస్తది, నొప్పి పెడతది, అరుస్తం. ఆక్సిజన్ తగ్గితే రక్తం రాదు, నొప్పి రాదు, ఏమీ అనిపించదు. నాకు నిద్ర పట్టనియ్యనిది రెండోది.

కల్లు ఎక్కినోనికి ఎక్కిందని తెలుస్తదా? నాకేం కాలే అనుకుంటనే బండి తీస్తడు. ఎత్తు మీద ఆక్సిజన్ తగ్గితే మెదడుకు అచ్చం అట్లనే అయితది, హాయిగా ఉంటది, పని బాగా చేస్తున్న అనిపిస్తది, ఎదురుంగ ఎర్ర లైటు వెలుగుతున్నా దాని అర్థం తట్టదు. 25,000 అడుగుల మీద ప్రెజర్ పోతే మూడు నుంచి ఐదు నిమిషాలు పనికొచ్చే తెలివి ఉంటది, 35,000 మీద అరనిమిషం నుంచి నిమిషం, 40,000 మీద పదిహేను ఇరవై సెకన్లు. ఆ తర్వాత మనిషి బతికే ఉంటడు కానీ మాస్కు ఎదురుంగ వేలాడుతున్నా చెయ్యి లేపి పెట్టుకోవాలని తట్టదు. ముందు మీరు పెట్టుకొని తర్వాత పిల్లలకు పెట్టండి అని చెప్పేది అందుకే, ఏ తల్లికైనా అది మనసుకు ఎదురు పోయే మాటే కానీ తల్లి తెలివి పోతే బిడ్డకు పెట్టేటోళ్లే ఉండరు.

2005 ఆగస్టు 14, సైప్రస్‌లో లార్నాకా నుంచి ఏథెన్స్ పోయే హీలియోస్ ఎయిర్‌వేస్ 522, బోయింగ్ 737. అంతకు ముందు రాత్రి వెనక కుడి తలుపు దగ్గర లీకు ఉందేమో చూడమని మెయింటెనెన్స్‌కు చెప్పిన్రు. ఈ లీక్ చెక్ నేను కూడా చేస్త. నేల మీదనే విమానం తలుపులన్నీ మూసి, తోకలో ఉండే చిన్న ఇంజన్‌తో లోపలికి గాలి ఎక్కిస్తం, ప్రెజర్ సెలెక్టర్ స్విచ్‌ను ఆటో నుంచి మాన్యువల్‌కు తిప్పుతం. లోపల కూసున్నోళ్లకు చెవులు టప్పుమంటయి, బయట ఉన్నోళ్లు తలుపు అంచు పొడుగునా అరచెయ్యి ఆనించుకుంట పోతరు, రబ్బరు ఎక్కడన్న చినిగితే అక్కడ సుయ్‌మని సన్నగా గాలి తగులుతది, తెల్లవారుజామున హ్యాంగర్‌లో చప్పుడు లేనప్పుడు ఆ సుయ్ శబ్దం ఇంకా బాగా వినిపిస్తది. పని అయినంక ఆ సెలెక్టర్‌ను తిరిగి ఆటోలో పెట్టాలె. వేలంత పిడి, ఒక్క తిప్పు.

ఆ రాత్రి అది మాన్యువల్‌లోనే ఉండిపోయింది. పొద్దున పైలట్లు కూడా చూడలే, ఎగిరే ముందు, ఇంజన్ స్టార్ట్ చేసే ముందు, ఎగిరినంక, మూడు చెక్‌లిస్టుల్లో చూసే అవకాశం ఉండే, మూడు సార్లూ కండ్ల ముందునుంచే పోయింది. మాన్యువల్‌లో వాల్వ్ తనంతట తాను మూసుకోదు, కొంచెం తెరిచే ఉంది, విమానం ఎక్కుతున్నకొద్దీ లోపలి గాలి పోతనే ఉంది. 12,000 అడుగుల దగ్గర ప్రెజర్ తగ్గిందని హారన్ మోగింది. ఆ 737లో అదే హారన్ నేల మీద టేకాఫ్ సెట్టింగ్ తప్పుంటే కూడా మోగుతది, పైలట్లు అదే అనుకున్నరు, గాల్లో ఉన్నప్పుడు అది మోగదు గదా అనే ఆలోచన అప్పటికే మసకబారుతున్న మెదడుకు రాలే. కింది ఇంజనీర్లతో ఏసీ సమస్య అనుకొని మాట్లాడుకుంటనే ఎక్కిన్రు, 28,900 అడుగుల దగ్గర చివరి మాట. తర్వాత విమానం ఆటోపైలట్ మీద 34,000 అడుగులకు ఎక్కి ఏథెన్స్ దాకా పోయి అక్కడ చుట్టూ తిరిగింది. గ్రీస్ ఎఫ్-16 యుద్ధ విమానాలు పక్కకు పోయి చూస్తే కెప్టెన్ సీటు ఖాళీ, కో-పైలట్ ముందుకు ఒరిగి ఉన్నడు, క్యాబిన్‌లో మాస్కులు వేలాడుతున్నయి. ఆఖర్న ఒక ఫ్లైట్ అటెండెంట్, ఆండ్రియాస్ ప్రోడ్రోమౌ, చేతి ఆక్సిజన్ బాటిల్‌తో కాక్‌పిట్‌లోకి వచ్చిండు, ఆయనకు చిన్న విమానాలు నడిపే శిక్షణ ఉండే, కానీ అప్పటికి ఇంధనం అయిపోయింది. గ్రమ్మాటికో అనే ఊరి దగ్గర కొండకు తగిలి 121 మంది, ఒక్కరు మిగలకుండా పోయిన్రు.

ఆ రిపోర్టు నేను చదివిన రోజు నుంచి ఇప్పటిదాకా లీక్ చెక్ అయినంక సెలెక్టర్‌ను ఆటోలో పెట్టి, వేలు దాని మీదనే ఉంచి, ఆటో అని పైకే అంట. పక్కోళ్లు ఎవరున్నా లేకున్నా అంట. ఒకసారి నైట్ డ్యూటీ దిగి షాద్‌నగర్ బస్సు కోసం నడుస్తుంటే పెట్టిన్నా లేదా అని అనుమానం వచ్చి వెనక్కి పోయి చూసి వచ్చిన, పెట్టే ఉంది. హీలియోస్ తర్వాత 737లలో క్యాబిన్ ఎత్తు దాటితే హారన్‌తో పాటు వేరే ఎర్ర లైటు కూడా వెలిగేటట్టు మార్చిన్రు, ఆ మార్పు 121 మంది పోయినంక వచ్చింది.

ఇదే కాదు, 1999 అక్టోబర్ 25న అమెరికా గోల్ఫ్ ఆటగాడు పేన్ స్టీవర్ట్ పోతున్న లియర్‌జెట్ కూడా ప్రెజర్ పోయి, లోపల అందరూ తెలివి తప్పి, గంటల కొద్దీ తనంతట తాను ఎగిరి సౌత్ డకోటాలో పడింది, ఆరుగురు పోయిన్రు. దీనికి ఎదురుంగ 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ 737 మ్యాక్స్ 9కు 16,000 అడుగుల దగ్గర తలుపు పలక ఒకటి ఊడి గాల్లోకి పోయింది, గోడకు తలుపంత బొక్క పడ్డా 177 మందీ దిగిన్రు. పెద్ద చప్పుడుతో ప్రెజర్ పోతే పైలట్లకు క్షణంలో తెలుస్తది, మాస్కు పెట్టుకొని కిందికి దించుతరు. చప్పుడు లేకుండా మెల్లగా పోయినప్పుడే ఎక్కువ భయం.

మాస్కు గురించి కూడా ఒక మాట. క్యాబిన్‌లో గాలి 14,000 అడుగుల లెక్కకు పలచబడితే అవి తమంతట తామే పడతయి. చాలా విమానాల్లో అది సిలిండర్ గాలి కాదు, నెత్తి మీది డబ్బాలో రసాయనం రగిలి ఆక్సిజన్ పుడతది, తాడు లాగితేనే మొదలైతది, కాలిన వాసన వస్తది, సంచి ఉబ్బకపోవచ్చు, అయినా ఆక్సిజన్ వస్తనే ఉంటది, తీసెయ్యకండి. అది పన్నెండు పదిహేను నిమిషాలు వస్తది. అంతే గదా అని గాబరా వద్దు, ఐదారు నిమిషాల్లో పైలట్ 10,000 అడుగులకు దించుతడు. ఆ దిగుడు చూసి విమానం కూలుతుందని అరుస్తరు, అది కావాలని దించుడే. కానీ లేహ్ దిక్కు, హిమాలయాల మీద, కింద గుట్టలే 18,000, 20,000 అడుగులు ఉంటే ఎక్కడికి దించుతరు? అందుకే ఆ దారుల్లో ఏ పాయింట్ దాటినంక ఎటు తిరగాలె, ఏ లోయలోకి దిగాలె అని ముందే రాసుకొని, ఎక్కువ సేపు వచ్చే ఆక్సిజన్ పెట్టుకొని పోతరు. లేహ్ ఎయిర్‌పోర్టే 10,682 అడుగుల మీద ఉంది, అక్కడ విమానం కిందికి దిగుతుంటే లోపలి గాలి మాత్రం ఇంకా పలచబడాలె, లేకుంటే తలుపు తెరుచుకోదు.

మన జిల్లాలో అడ్డాకుల దిక్కు గుడిబండ దగ్గర ఎయిర్‌పోర్టు అని ఎన్నేండ్ల నుంచో వింటున్నం. రేపు వస్తే ముందుగా వచ్చేవి చిన్న విమానాలే అయి ఉంటయి, వాటిల్లో కొన్నిటికి ప్రెజర్ ఉండదు. మా అవ్వ అప్పుడు ఎక్కొచ్చా అని అడిగితే ఎక్కు అవ్వా అంట, మన గుట్టల మీద ఆ ఎత్తు నీకేం చెయ్యదు, జలుబుంటే మాత్రం ఆగు అంట.

మా తమ్మునికి ఇదంతా ఫోన్లో చెప్పినంక వాడు ఒక ఫొటో పంపిండు. విమానం పైన ఉన్నప్పుడు సగం తాగి బిర్రుగా మూత పెట్టిన నీళ్ల బాటిల్, సైటు క్యాంపులో మంచం మీద, ఎవరో పిడికిట్లో పట్టి పిసికినట్టు లోపలికి కుంగి ఉంది. కింద రాసిండు, "అన్నా, నా చెవిల జరిగింది గిదేనా?" అవును అని పెట్టిన.